దేవకుమారి చూపు కోసం ప్రార్థన

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చదువుతున్నంతసేపూ దేవకుమారి తలమీద కొంగు వేసుకుని నిమ్మళంగానే కూర్చుంది. ఒకరి కొడుక్కి ఉద్యోగం కావాలి, ఒకరి చెరువులో రొయ్యకి తెగులు పట్టింది, ఒకరి కోడలికి నెలలు నిండాయి. అన్నింటికీ అందరితోపాటు ఆమేన్ అంది. అప్పుడు అయ్యగారు కాగితం రెండోవైపు తిప్పి, గొంతు కాస్త తగ్గించి, "మన సహోదరి దేవకుమారి గారికి చూపు మందగించిందండి. ఆ తల్లి కళ్ళ కోసం సంఘమంతా భారంతో ప్రార్థించాలి" అన్నారు.

దేవకుమారి వెనక్కి తిరిగి చూసింది, తన పేరుగలావిడ ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. వెనక వరసలోవాళ్ళు తనవంకే జాలిగా చూస్తున్నారు.

"ఇక కుట్టుపని చెయ్యలేరు కాబట్టి, తన కుట్టుమిషన్ని వచ్చే ఆదివారం మన సంఘం కుట్టు క్లాసుకి కానుకగా ఇచ్చేస్తున్నారు. వారి అబ్బాయి జయంత్ గారు తెలియజేశారు. దేవునికి స్తోత్రం."

నూటయాభై మంది ఒక్క గొంతుతో "స్తోత్రం" అని కళ్ళు మూసుకున్నారు. దేవకుమారి మూసుకోలేదు. అరికాలి మంట నెత్తికెక్కుతుంటే కళ్ళెలా మూతపడతాయి? ఐదో వరసలో కూర్చున్న ఆవిడకి అయ్యగారి చొక్కా కాలరు దగ్గర కుట్టు రెండంగుళాలు విడిపోయి ఉండటం శుభ్రంగా కనబడుతోంది. కుట్టినవాడెవడో గానీ చివర ముడి వెయ్యకుండానే దారం తెంపేశాడు. అది కూడా ఐదో వరస నుంచే తెలుస్తోంది. ఈ కళ్ళ కోసమా వీళ్ళు ప్రార్థన చేస్తున్నారు?

ఈ గొడవంతటికీ మూలం ఓ టీవీ. నోరులేని సామాను, దాన్నని ఏం లాభం గానీ, అది వచ్చాకే మొదలైంది.

దేవకుమారిది పెదపాడు దగ్గర ఊరు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ మిషను తొక్కి జయంత్‌ని చదివించింది. జయంత్ ఇప్పుడు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. కోడలు రూబీ ప్రైవేటు స్కూల్లో టీచరు. ముందుగదిలో కిటికీ కింద ఇరవయ్యారేళ్ళుగా మిషను ఉండేది. వెలుతురంతా అక్కడే పడుతుంది మరి. సెప్టెంబరులో జయంత్ తాడేపల్లిగూడెం వెళ్ళి నలభైమూడు అంగుళాల టీవీ కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్టడానికి ఆ గోడ తప్ప ఇంకోటి పనికిరాదన్నాడు. మిషను వసారాలోకి పోయింది, దానిమీద ఓ పరదాపట్టా కప్పారు.

సరే, కొడుకు ముచ్చట, పోనీలే అనుకుంది. కేబుల్ బాబీ వచ్చి పాత సెట్‌టాప్ పెట్టె తీసి కొత్త పెట్టె పెట్టి, "హెచ్‌డీ ప్యాక్ కూడా వేసేశానన్నా" అని చెప్పి వెళ్ళాడు. ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. దేవకుమారి ఓ నిమిషం చూసి, "ఏరా, బొమ్మ అలికేసినట్టుందేమిటి? మొహాలు అప్పడాల్లా వెడల్పయిపోయాయి" అంది.

"అమ్మా, అది ఫుల్ హెచ్‌డీ. ఇదిగో, స్టిక్కరు చూడు."

"స్టిక్కరు బాగానే కనబడుతోంది. బొమ్మే కనబడట్లేదు. దీనికంటే మన పాత టీవీ నయం కదరా."

అక్కడే వచ్చింది తంటా. ఆ మాట ఇంట్లో అని ఊరుకుంటే పోయేది. దెందులూరు నుంచి రూబీ అన్నయ్య అజయ్ టీవీ చూడ్డానికని పనిగట్టుకుని వచ్చినప్పుడు కూడా అనేసింది. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగి చేతకాలేదు. అజయ్ ముసిముసిగా నవ్వాడు. జయంత్ మొహం మాడిపోయింది. అప్పుడన్నాడు మహానుభావుడు, "మా అమ్మకి కళ్ళు ఆనట్లేదులే బావా" అని.

ఒక్కసారి అన్నాక ఆ మాట వాడికి ఊతకర్ర అయిపోయింది. ఎవరొచ్చినా అదే. చూడవచ్చినవాళ్ళు టీవీ వంక చూసి ఏమైనా అనేలోపలే, "అమ్మకి పాపం మసగ్గా కనబడుతోందటండి" అనేవాడు. ఇక మాకూ అలాగే ఉందని ఎవరంటారు? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడి ముందు నాలుగో కాలు చూపించడం ఎవడి తరం?

దేవకుమారి కళ్ళజోడు సర్దుకుని వాడి ఎదురుగా సూదిలో దారం ఎక్కించి చూపించింది. తొమ్మిదో నంబరు సూది, తెల్లదారం, ఒక్క దెబ్బకి. "అలవాటు మీద ఎక్కించేశావులే" అన్నాడు. పేపరు చదివి వినిపించింది. "నిన్నటి వార్తలేగా, నీకు తెలిసినవేగా" అన్నాడు. ఆవిడ పేపరు నలిపి వాడి ఒళ్ళో పారేసింది. "పోనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరా, తేలిపోతుంది" అంటే, "క్రిస్మస్ అయ్యాక చూద్దాంలే" అన్నాడు.

ఊళ్ళో మాట ఊరికే పోతుందా? రైతుల వీధి మంగతాయారు గారు కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకుపోయింది. "మీరు కష్టపడకండి దేవకుమారి గారూ, మీ అబ్బాయి చెప్పాడు లెండి" అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

అయినా ఓర్చుకుంది. ఎందుకంటే నవంబరు వస్తోంది. నవంబరంటే కొయిర్ పిల్లల తెల్లగౌన్లు. క్రిస్మస్ రాత్రి పాడే ఇరవైరెండు మంది పిల్లలకీ పంతొమ్మిదేళ్ళుగా గౌన్లు కుట్టేది దేవకుమారే. తెల్లగుడ్డ మీద తెల్లదారం, గుండెల మీద కుచ్చిళ్ళు, చేతులకి సన్న అంచు. వాటికి ఆవిడ కూలి పుచ్చుకోదు, ఇంకెవరి చెయ్యీ తగలనివ్వదు. ఆ పిల్లలు వరసగా నడిచి వస్తుంటే, ఆ తెల్లదనమంతా తన చేతిలోంచి వచ్చిందే అనుకునే ఆ ఒక్క నిమిషం కోసం ఏడాదంతా మిగతావాళ్ళ జాకెట్లు కుట్టేది.

అందుకే ఆ ఆదివారం ఆరాధన అయ్యీ అవ్వగానే అయ్యగారి భార్య మెర్సీ గారిని మెట్ల దగ్గర పట్టుకుంది. "వందనాలండి అమ్మగారూ. ఈ ఏడాది గౌన్ల గుడ్డ ఇంకా రాలేదేవండీ?"

మెర్సీ గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఏలూరులో టైలరుకి ఇచ్చేశామండి. మీరు బాధపడతారని చెప్పలేదు. జయంత్ అన్నీ చెప్పాడు. మీరు విశ్రాంతి తీసుకోండమ్మా."

దేవకుమారి చెయ్యి వెనక్కి లాక్కుని, ఇంకో మాట లేకుండా ఇంటికి నడిచింది. జయంత్ స్నానం చేసి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు.

"నా మిషను ఎవడబ్బ సొమ్మని దానం చేశావురా?"

"నీ పేరు మీదేగా అమ్మా ఇచ్చింది. పుణ్యం నీకేగా."

పుండు మీద కారం చల్లి, పైగా పుణ్యమట! ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

మర్నాడు జయంత్ చెరువులకీ, రూబీ స్కూలుకీ వెళ్ళాక దేవకుమారి తలుపు తాళం వేసి ఏలూరు బస్సెక్కింది. కళ్ళ డాక్టరమ్మ చీకటిగదిలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూసింది, కళ్ళల్లో చుక్కలు వేసింది, మళ్ళీ చూసింది. చివరికి, "మీకెవరు చెప్పారండి చూపు పోయిందని?" అంది.

"కన్నకొడుకు."

"మీరు పెట్టుకున్న అద్దాలు సరిపోయాయి. దూరం బావుంది, దగ్గర బావుంది. శుక్లాలు కూడా ఇంకా ముదరలేదు. మీ వయసులో ఇంత శుభ్రమైన కళ్ళు నేను రోజూ చూడనండి."

ఆ మాటే చీటీ మీద రాయించుకుంది. బయటికొచ్చి, చుక్కల మందు దిగేదాకా బస్టాండులో నీడపట్టున కూర్చుంది. అయితే నా కళ్ళు బాగున్నాయి. బాగున్న కళ్ళకి బొమ్మ బాగా కనబడలేదంటే తేడా ఎక్కడుంది? ఈ చీటీ తీసుకెళ్ళి చూపిస్తే ఏమంటాడు? డాక్టర్లేదో రాస్తారులే అంటాడు. ఎదురుగా తాడేపల్లిగూడెం బస్సు ఆగింది. టీవీ అట్టపెట్టె మీద రాసున్న దుకాణం పేరు ఆవిడకి గుర్తుంది. కోపం మీద ఉన్న మనిషికి యాభై కిలోమీటర్లు ఓ లెక్కా? ఎక్కి కూర్చుంది.

దుకాణంలో అడుగుపెట్టగానే ఎదురుగా అదే టీవీ. అదే స్టిక్కరు. అందులో ఓ చిలక ఉంది. దాని మెడ కింద ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. దేవకుమారి ఓ నిమిషం అలా నిలబడిపోయింది. ఆ తర్వాత కౌంటర్లో ఉన్న గోపీచంద్ మీద విరుచుకుపడింది. "ఏవండీ, సెప్టెంబరులో ఇదే టీవీ మాకు అమ్మారు మీరు. మా ఇంట్లో చిలకలు ఇలా ఉండవు. ముద్దగా ఉంటాయి. మా కొంపకి ముద్దవి ఏరి పంపించారా?"

గోపీచంద్ నెమ్మదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, "టీవీ వెనకాల వైరు ఎలా ఉందండి? పసుపు, ఎరుపు, తెలుపు, మూడు పిన్నులా?" అని అడిగాడు.

"అవును. పాత టీవీకున్నవే. బాబీ అవే తగిలించాడు."

"అదేనండి మరి. బొమ్మంటే చుక్కలండి. ఈ టీవీలో ఇరవై లక్షల చుక్కలు పడతాయి. ఆ మూడు పిన్నుల వైర్లోంచి వచ్చేవి ఓ నాలుగు లక్షలే. మిగతాది టీవీయే ఎలాగోలా పూడ్చుకోవాలి. అందుకే అలికినట్టుంటుంది."

"చంటిపిల్ల గౌను గుడ్డని పెళ్ళికూతురి ఒంటికి సాగదీసినట్టన్నమాట."

"సరిగ్గా చెప్పారండి! మొహాలు వెడల్పయ్యేదీ అందుకే. పాత బొమ్మ పలకలా ఉంటుంది, దాన్ని వెడల్పు తెర నిండా లాగేస్తుంది. టీవీ ఒక్కటే హెచ్‌డీ అయితే చాలదండి. పెట్టె హెచ్‌డీ ఉండాలి, వైరు హెచ్‌డీఎంఐ ఉండాలి, చానెలు కూడా హెచ్‌డీదే పెట్టాలి. దాని నంబరు వేరు. కొత్త పెట్టెతోపాటు ఆ వైరు ఇచ్చే ఉంటారు, అట్టపెట్టెలో చూడండి." అని కాగితం తీసుకుని ఏం చెయ్యాలో పెద్దపెద్ద అక్షరాలతో రాయబోయాడు.

"చిన్నగానే రాయండి బాబూ" అంది దేవకుమారి. "నాకు కనబడతాయి."

రాస్తూ రాస్తూ అతను తలెత్తి, "రెండు నెలలుగా ఇలాగే చూస్తున్నారా? ఇంట్లో ఎవరూ అనలేదాండి?" అన్నాడు.

"నేనన్నాను."

"మరి?"

"మరేముంది. నన్ను గుడ్డిదాన్ని చేశారు."

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. జయంత్, రూబీ గుమ్మంలోనే ఉన్నారు, చెప్పకుండా ఎక్కడికెళ్ళిందోనని కంగారుపడుతూ. దేవకుమారి వాళ్ళని పక్కకి నెట్టుకుని లోపలికెళ్ళి, స్టూలెక్కి, అటక మీంచి కొత్త పెట్టె తాలూకు అట్టపెట్టె దింపింది. అడుగున ప్లాస్టిక్ కవర్లో నల్ల వైరు, చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది. కట్టిన తీగ కూడా ఎవరూ విప్పలేదు.

"అమ్మా, అవి ముట్టుకోకు, షాక్ కొడుతుంది" అన్నాడు జయంత్.

"కొట్టనీ. ఇప్పటికి తగిలిన షాకులు చాల్లేదా?"

మూడు రంగుల పిన్నులూ పీకి అవతల పారేసింది. నల్ల వైరు ఒక కొస పెట్టెలో, రెండో కొస టీవీలో గుచ్చింది. కాగితం చూసుకుంటూ రిమోట్ నొక్కింది, చానెల్ కొత్త నంబరు కొట్టింది. తెర ఓసారి నల్లబడి, వెలిగింది. వార్తలు చదివే అమ్మాయి. మొహం మొహంలా ఉంది. చెవిపోగుల్లో రాళ్ళు, కట్టుకున్న ఆకుపచ్చ చీర అంచులో మామిడి పిందెలు, జాకెట్టు మెడకి వేసిన పైపింగు, ఆ పైపింగు ఎడమవైపు కాస్త వంకర పోవడం, అన్నీ కనబడుతున్నాయి.

"అమ్మయ్య!" అంది రూబీ నోరు జారి. "ఇన్నాళ్ళూ చూళ్ళేక కళ్ళు లాగేసేవి."

వార్తల అమ్మాయి ఒక్కతే మాట్లాడుతోంది. దేవకుమారి నెమ్మదిగా కోడలివైపు తిరిగింది. "ఏమన్నావమ్మా?"

రూబీ తల దించుకుంది. "మాకూ అలాగే కనబడేదండి అత్తయ్యా. మొదటి రోజు నుంచీ. ఈయన బాధపడతారని..."

"నీక్కూడానట్రా?"

జయంత్ గోడవంక చూశాడు. "అంత డబ్బు పోసి తెచ్చి బాగోలేదంటే నలుగురిలో నా పరువేం కావాలమ్మా? అందులోనూ అజయ్ బావ ముందు."

ఇన్నాళ్ళూ వీడికి తెలియదనుకుంది ఆవిడ. మూర్ఖుడులే, కళ్ళుండీ చూళ్ళేకపోతున్నాడులే అనుకుంది. చూస్తూనే ఉన్నాడన్నమాట. పక్కన కూర్చుని అదే మసక చూస్తూ, అమ్మకే మసక అని ఊరంతా చెప్పుకొచ్చాడన్నమాట. ఆవిడ చేతిలో రిమోట్ టీవీ ముందు పడేసింది. ఒక్క మాట మాత్రం అంది. "నీ టీవీ పరువు కోసం నా కళ్ళు తీసేశావట్రా?"

వారమంతా తల్లీ కొడుకుల మధ్య మాటల్లేవు. శనివారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని జయంతే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నా మాట విను. రేపు ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పు. సంఘం ప్రార్థన వల్ల నీకు చూపు వచ్చేసిందని చెప్పు. అయ్యగారు సంతోషిస్తారు. మిషను నీకే ఉంటుంది, గౌన్లు నీకే ఇస్తారు. నా మాటా పోదు. ఎవరికీ నష్టం లేదు."

నిజానికి అంతా సుళువుగానే ఉంది. ఒక్క అబద్ధం. ఇరవైరెండు గౌన్లు. దేవకుమారి కాఫీ తాగడం పూర్తిచేసి గ్లాసు కింద పెట్టింది. "చెప్తాలే సాక్ష్యం" అంది. జయంత్ పెద్ద బరువు దిగినట్టు లేచి వెళ్ళాడు.

ఆదివారం ఆవిడ తెల్లచీర కట్టుకుని వెళ్ళి ఐదో వరసలోనే కూర్చుంది. సాక్ష్యాలున్నవాళ్ళు రావచ్చన్నప్పుడు లేచి ముందుకి వెళ్ళి మైకు అందుకుంది. చేతిలో డాక్టరమ్మ చీటీ ఉంది. అయ్యగారి మొహం వెలిగిపోయింది. "సహోదరికి చూపు వచ్చింది! స్తోత్రం చెప్పండి!" అన్నారు.

"స్తోత్రం!" అని గుడి మారుమోగింది.

"ఆగండి" అంది దేవకుమారి. "చూపు రాలేదండి. పోతేగా రావడానికి."

చేతిలో చీటీ అందరికీ కనబడేలా పైకెత్తింది.

"నా కళ్ళకేమీ కాలేదు. ఇదిగో డాక్టరు చీటీ. మా ఇంట్లో టీవీకి ఒక వైరు తప్పు తగిలించారు, బొమ్మ మసగ్గా వచ్చింది. ఉన్నమాట నేను పైకి అన్నాను. అన్న పాపానికి నన్ను గుడ్డిదాన్ని చేశారు. మీరంతా నా కోసం మంచి మనసుతోనే ప్రార్థన చేశారు, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ అబద్ధానికి దేవుడి పేరు పెట్టి ఇక్కడ నిలబడి స్తోత్రం చెప్పమంటే నా వల్ల కాదు. నాకు గౌన్లు రాకపోయినా సరే."

మూడో వరసలో జయంత్ చెమటలు తుడుచుకుంటున్నాడు. అతని పక్కన రూబీ లేచి నిలబడింది. "అత్తయ్య చెప్పింది నిజమేనండి. మా అందరికీ అలాగే కనబడేది. మేం చెప్పలేదు" అంది. అని కూర్చోలేదు, అలాగే నిలబడింది.

అయ్యగారు ఏం చెయ్యాలో తోచక మైకు కోసం చెయ్యి చాపారు. దేవకుమారి ఇవ్వలేదు. "ఒక్క ప్రార్థన మనవి ఉందండి అయ్యగారూ. పోయినవారం చదివింది కొట్టేసి ఇది రాయించండి. మా అబ్బాయి జయంత్ కోసం. వాడికి కళ్ళు బాగానే ఉన్నాయి. చూసింది చెప్పడానికి నోరే రావట్లేదు. భారంతో ప్రార్థించండి."

మైకు బల్లమీద పెట్టి వచ్చి తన చోట కూర్చుంది. అయ్యగారు మైకు చేతిలోకి తీసుకుని, "ప్రార్థన చేద్దాం" అన్నారు. జయంత్ అందరికంటే ముందే తల వంచేశాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర మెర్సీ గారు ఎదురొచ్చారు. ఆవిడ మొహం ఎర్రబడి ఉంది. "దేవకుమారి గారూ, పొరపాటైపోయిందండి. ఆ టైలరు పది గౌన్లు కత్తిరించేశాడట."

"మిగతా పన్నెండింటి గుడ్డా రేపు పొద్దున్నకల్లా మా ఇంటికి పంపించండి. టీవీ పక్కకి జరిగింది, మిషను మళ్ళీ కిటికీ కిందికి వచ్చేసింది."

"తప్పకుండానండి."

దేవకుమారి రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది. "దాంతోపాటు అయ్యగారి తెల్లచొక్కా కూడా పంపించండి. కాలరు దగ్గర కుట్టు విడిపోయింది. మీరంతా కళ్ళు మూసుకుని నా చూపు కోసం ప్రార్థన చేస్తున్నప్పుడు చూశాను."